కోయని కాగితాలు

నేను కుట్టిన పుస్తకం ఎన్నటికీ విడిపోదని అందరికీ నేనే చెబుతుంటాను. నిజం దాచడం పాపం కదా!

ఒకప్పుడు ఒక బైబిలు పాఠశాలలో నాది బైండింగు పని. ఒకరోజు పాఠశాల నడిపే పెద్దయ్యగారు లావుపాటి కొత్త బైబిలు వ్యాఖ్యాన గ్రంథం నా ముందు పడేశారు.

"పదిసార్లు చదివాను. పాస్టర్లకూ విద్యార్థులకూ ఇక ఇదొక్కటే. పాత వ్యాఖ్యానాలన్నీ తగలబెట్టు. కాదన్నావో, నీ కొలువు ఊడుతుంది జక్కరయ్యా!"

పాతవేమో పాస్టర్ల వేలిముద్రలతో నల్లబడి ఉన్నాయి. ఈ కొత్తదాని కాగితాలు మడతపెట్టి కుట్టినవి; అంచులు కోస్తేగాని లోపలి పేజీలు తెరుచుకోవు. ఒక్క అంచూ కోసి లేదు. పుస్తకం అంచులు ఆయనవైపు తిప్పి పట్టుకున్నాను.

"అలాగేనయ్యా. విద్యార్థులకు అంచులు కోసి ఇమ్మంటారా, కోయకుండా చదవడం తమరే నేర్పిస్తారా?"

పెద్దయ్యగారు ఆ అంచుల మీద వేలు పెట్టి చూసుకున్నారు.

చివరికి, "పాతవి కూడా ఉండనీలే" అన్నారు.

కొలువు నిలిచింది. ఆ అంచులన్నీ తర్వాత నేనే కోశాను. ఏ వ్యాఖ్యానం మంచిదో చెప్పడం మాత్రం నాకింకా రాలేదు.