పీరు తొక్కని మిరపకాయలు

ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పే ముందు చెప్పులు వెతుక్కోవడం బుడన్ సాహెబు గారి అలవాటు. కూర్చుని చెప్పిన మాట కూర్చున్నచోటే ఉండిపోతుందని ఆయన నమ్మకం. శిష్యులకు చదువెంత అబ్బిందో చెప్పలేను గానీ, కాళ్ళు మాత్రం బాగా గట్టిపడ్డాయి.

ఒకనాటి ఉదయం జమాల్ వలీ అనే శిష్యుడు అడిగాడు. "సామీ, అల్లా ఆజ్ఞ లేనిదే ఆకైనా కదలదంటారు కదా. మరి మనిషి చెయ్యి లేస్తే అది మనిషి తప్పెట్లయితాది?"

చెయ్యి సంగతి అక్కడెవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతనే ఎత్తాడు. పీర్ల పండుగ పదోరోజు ఊరేగింపులో పెద్దపీరును ఎత్తుకున్నది జమాలే. పూనకంతో ఊగుతూ పోయి, పొలం గట్టు తగాదా వల్ల తనతో మాటల్లేని దూదేకుల పకీరయ్యను పీరు కర్రతో కొట్టాడు. పకీరయ్య కుడిచెయ్యి విరిగింది. దూది ఏకేటప్పుడు విల్లు నారిని కొట్టేది ఆ చేతితోనే. "పీరు లాక్కపోయింది, దెబ్బ పడింది, అంతా రాసిపెట్టిందే" అన్నాడు జమాలు. ఊరు తలూపింది. పీరుతో వాదించే మొనగాడు ఏ ఊళ్ళో ఉంటాడు? పన్నెండు రోజులైనా జమాలు ఆ ఇంటి గడప తొక్కలేదు. దెబ్బ కంటే దానికే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది.

సాహెబు గారు చెప్పులు తొడుక్కున్నారు. "పీరు నిన్ను ఏ దారిన తీసుకపోయిందో చూపించు, పద."

పీర్ల చావిడి దగ్గర బయల్దేరి జమాలు ఇంటి మలుపు తిరిగారు. వీధిలో అతని తల్లి మిరపకాయలు ఆరబోసి ఉంది. సాహెబు గారు ఆగారు.

"ఇవి ఆ రోజు కూడా ఈడనే ఉండాయా?"

"ఉండాయి సామీ."

"ఒక్కటీ నలిగినట్టు లేదే?"

"మాయమ్మ కష్టం కదా సామీ. గోడవారగా దాటినాను."

ఆ రోజు నడకలో తాను చేశానని అతను ఒప్పుకున్న పని అదొక్కటే.

"దాటింది నువ్వు, కొట్టింది పీరు. మంచిది, నడువు" అన్నారు సాహెబు గారు.

పకీరయ్య అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో పాత దూదిలో నలకలు ఏరుతున్నాడు. విల్లు గోడకు వేలాడుతోంది. గురువును చూసి లేవబోయాడు, వెనకనున్న జమాలును చూసి తల దించుకున్నాడు.

"ఒకర్ని అని ఏం లాభం సామీ? నా రాత ఇట్లుంది" అన్నాడు.

ఆ మాటతో జమాలుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూసినారా సామీ! రాత అని ఆయనే అంటాండాడు!"

సాహెబు గారు శిష్యుడి వైపు తిరిగారు. ఆయన కళ్ళల్లో కోపం లేదు, జాలి ఉంది.

"రాత అన్న మాట ఆయన తన దెబ్బకు కట్టుకున్న కట్టు జమాలూ. దాన్ని కూడా ఊడబీక్కోవద్దు. నీ మాట చెప్పు."