మీసాలొచ్చినవాళ్ళ బండి

ఓబులేసు బండి తోలుతుంటే ఎదురొచ్చిన పులి కూడా దారిచ్చి పక్కకు తప్పుకునేదట. అంతటివాడు, కొండ మీది విద్యాపీఠానికి కుర్రాళ్ళను చేరవేసే బండిని ఒక్కసారి చూసి ఎద్దుల్ని విప్పేశాడు. ఇరుసు బీటవేసింది, వెనక తలుపు లేదు, ఎక్కాల్సింది ముప్పైమంది.

“బడిబండికి గట్టి ఇరుసూ తలుపూ ఉండాలని, పన్నెండుమందికి మించకూడదని రాజుగారి శాసనం ఉందయ్యగారూ,” అన్నాడు.

పీఠాధికారి వీరభద్రయ్యవి నిమ్మకాయలు నిలబెట్టే మీసాలు. వాటిని దువ్వుకుంటూ, “అది పసిపిల్లలకురా. వీళ్ళు మీసాలొచ్చిన మగాళ్ళు. వీళ్ళ మంచిచెడ్డలు వీళ్ళకు తెలుసు. రేపు రాజుగారొచ్చేసరికి అందర్నీ సభలో దించకపోతే నీ కొలువు ఊడుతుంది,” అన్నాడు.

మర్నాడు రాజుగారు కొండ మీదికొచ్చి సింహాసనమ్మీద కూర్చున్నాడు. ఎదురుగా సభంతా ఖాళీ. ఓబులేసు ఖాళీ బండి తోలుకొచ్చి గుమ్మంలో ఆపాడు.

“కుర్రాళ్ళేరిరా?” అన్నాడు వీరభద్రయ్య.

“బీటవేసిన ఇరుసు చూపించి, ఎక్కుతారా అని ఒక్కొక్కర్నీ అడిగానయ్యా. ఎక్కం అన్నారు. మంచిచెడ్డలు తెలిసిన మగాళ్ళాయె, కాదనడానికి నేనెవర్ని?”

వీరభద్రయ్య అరుపుకు ఏడూళ్ళ కాకులు లేచిపోయాయి. “వాళ్ళనడిగేదేంట్రా? వాళ్ళకేం తెలుసు, పసివెధవలు. మెడబట్టి ఎక్కించాల్సింది.”

ఓబులేసు తాపీగా రాజుగారి వైపు తిరిగాడు. “విన్నారుగా ప్రభూ, పసిపిల్లలేనట. శాసనం ప్రకారం బండ్లు ఇప్పించండి. అప్పటిదాకా నేను తోలను.”

రాజుగారు మూడు కొత్త బండ్లు రాసిచ్చి, పాత బండిలో వీరభద్రయ్యను ఇంట్లో దింపమన్నాడు. అంతేసి మీసాలున్నా వీరభద్రయ్య కొండంతా నడిచే దిగాడు.