పైన పడిన చిక్కు

ఇది అబద్ధమనేవాళ్లుంటే ఇప్పుడే చేయెత్తండి. తర్వాత నోరెత్తితే ఊరుకునేది లేదు. చిలకలగుట్ట కోలాటం గురువు ఓబులప్ప ఒక్క అడుగు గట్టిగా వేస్తే, మూడూళ్ల అవతల ఉట్టి మీద పెరుగు తొణికేది. అంతటి మనిషికి ఒక అలవాటు: ఎవరేమడిగినా నోటితో బదులు చెప్పడు, ఆడించి చూపిస్తాడు.

ఆయన శిష్యురాలు సుంకులమ్మకు కీళ్లవాతం పట్టింది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, కోలలు జారిపోతాయి. ఒంటిని కాయాల్సిన బలగమే సొంత కీళ్ల మీద తిరగబడిందని చెప్పి డాక్టరమ్మ మందులిచ్చింది. కొన్నాళ్లకు వాపు తగ్గింది. అయితే గుట్టెక్కితే ఆయాసం, కళ్లలో ఇసుక పడ్డట్టు మంట. ఛాతీకి ఎక్స్‌రే తీయించుకో, కళ్లు చూపించుకో అని డాక్టరమ్మ పట్టుబట్టింది. సుంకులమ్మకు విసుగొచ్చి, అసలు మందులే మానేద్దామనుకుంది.

"నొప్పొచ్చింది వేళ్లకు. వేళ్లు బాగయినాయి. ఇంక ఛాతీ, కళ్లూ చూడడమేంది గురువా?" అని అడిగింది.

ఓబులప్ప విననట్టే అందర్నీ జడకోపుకు పిలిచాడు. దూలానికి వేలాడే రంగుతాళ్లు తలా ఒకటి పట్టుకుని, ఒకరి కింద ఒకరు దూరుతూ పైన జడ అల్లే ఆట అది. పెంచలయ్య మద్దెల అందుకున్నాడు. ఆ దరువుకు గుట్ట మీద మేకలు సైతం వరస కట్టాయి.

విసుగులో సుంకులమ్మ లోపలికి దూరాల్సిన చోట బయటగా తిరిగింది. ఆమె చేతిలో తాడు హాయిగా ఆడుతూనే ఉంది. ఎదురుగా ఉన్న రంగమ్మ తాడు మాత్రం బిగుసుకుని, ఆమెను మునివేళ్ల మీద నిలబెట్టింది.

"లాగు రంగక్కా, లేకుంటే నువ్వే దూలమెక్కేటట్టున్నావు" అని నవ్వారు పక్కవాళ్లు. రంగమ్మ లాగింది. చిక్కు ఇంకా బిగిసి, పక్క తాళ్లు కూడా పట్టేశాయి.

ఓబులప్ప సుంకులమ్మ దగ్గరికొచ్చాడు. "నీ తాడెట్లుంది పాపా?"

"వదులుగానే ఉంది గురువా."

"అయితే నీదేం లేదు. పోయి కూర్చో."

ఆమె పోలేదు. తలెత్తి చూసింది. రంగమ్మ ఎర్రతాడును బిగించి పట్టింది తన పచ్చతాడే. తిరిగిన దారినే ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. చిక్కు వీడింది, రంగమ్మ మడమలు నేలకు ఆనాయి.

మర్నాడు తొలి బస్సుకే రంగమ్మను తోడు తీసుకుని సుంకులమ్మ ఆసుపత్రికి పోయింది. అదే జబ్బు ఊపిరితిత్తుల్లో అప్పుడప్పుడే తల దూరుస్తోందట. ఒంట్లో రక్తమూ తగ్గిందట. తొందరగా దొరికిందని మందు మార్చారు, కళ్లకు చుక్కలిచ్చారు. వానలు పడేనాటికి ఆమె గుట్టెక్కుతూ పాట అందుకుంటే, రైల్వే స్టేషన్లో బండి ఆగి విని మరీ కదిలింది.

దిగొచ్చి గురువు ముందు చేతులు చాపింది. "వేళ్లు కూడా బాగున్నాయి గురువా."

"వేళ్ల సంగతి ఎవరడిగినారు?" అన్నాడు ఓబులప్ప. "ఆ పొద్దు తల పైకెత్తినావు చూడు, దాన్ని మళ్లీ దించుకోవద్దు."

ఇంకా అనుమానముంటే పోయి అడగండి: మద్దెల పెంచలయ్య, చిలకలగుట్ట.