గోరింకకు లంగరు

కమలాకర్‌కు వచ్చిన చిక్కు ఇది. వేసవి ప్రయాణమని భార్యాభర్తలిద్దరూ కలిసి బయల్దేరిన పడవలో ఆరో రోజు పొద్దుటికి తానొక్కడే మిగిలాడు. భార్య హైమవతి ఒడ్డున, బట్టల సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. పది గంటలకు తుని వెళ్ళే బస్సు వస్తుంది. అది ఎక్కితే ఇక ఈ జన్మలో తెరచాప మొహం చూడనని ఆమె చెప్పేసింది. అన్న మాట మీద నిలబడే మనిషని ముప్ఫై ఏళ్ళుగా తెలుసు కనక అతనికి భయం వేసింది.

కమలాకర్ ఓడలు కట్టే కర్మాగారంలో నమూనాలు గీసి గీసి రిటైరయ్యాడు. కాగితం మీద వంద ఓడలు నడిపాడు. నీళ్ళ మీద నడపడం మాత్రం దాసయ్య దగ్గర నేర్చుకున్నాడు. దాసయ్య నలభై ఏళ్ళు సరుకుల పడవలకు సరంగు. గాలి తప్ప ఇంజను ఎరగని పడవలవి. నూకాలపాలెంలో ఆయన దగ్గర మూడు చలికాలాలు ఇద్దరూ శిష్యరికం చేశారు. తర్వాత తాళ్ళరేవు వడ్రంగుల చేత చిన్న పడవ కట్టించుకుని, గోరింక అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ ఎదురుచూసిన ప్రయాణం ఇది. కాకినాడ నుంచి భీమిలి దాకా తీరం వెంటే వెళ్ళాలి. రోజూ సాయంత్రం ఏదో ఒక పల్లె ముందు లంగరు వేసి ఆగాలి.

పగలంతా బాగానే ఉండేది. ఆమె మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది ఇచ్చేది. అతను తెరచాప సర్దుతూ తినేవాడు. చేటంతా లంగరు వేసే వేళకే వచ్చేది.

లంగరు వేయాలంటే పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పాలి. తెరచాప దించాలి. ముక్కు దగ్గర ఒకరు లంగరు పట్టుకుని నిలబడతారు, వెనక ఒకరు చుక్కాని పట్టుకుంటారు. పడవ సరైన చోటికి రాగానే లంగరు వదలాలి. ముందు హైమవతి, వెనక కమలాకర్. చుక్కాని పట్టినవాడు యజమాని అని అతని లెక్క. అందుకని అతను "వదులు" అనేవాడు, ఆమె వదిలేది కాదు. "ఆగు" అనేవాడు, దభీమని వదిలేసేది. రెండో సాయంత్రానికి గొంతు పెంచాడు. నాలుగో సాయంత్రానికి ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు పని ఆపి నిలబడి చూశారు. ఆలుమగల తగువు అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అంటారు. గోరింక మీద ఆ గింజ ఊడిపడనే లేదు.

అయిదో సాయంత్రం నూకాలపాలెం చేరారు. సాక్షాత్తూ గురువు ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. శిష్యుడి పనితనం ఆయన చూడాలని కమలాకర్‌కు మహా ఉబలాటం. అరుపుల మధ్యలోనే పడవ అడుగు నీళ్ళలోని రాతికి గీసుకుంది. ఇంకో జానెడు పక్కకు జరిగితే చుక్కాని విరిగేది. "ఇంత చదువు చదివి తాడు వదలడం రాదా నీకు?" అని ఊరందరి ముందూ కేక పెట్టాడు. ఆ మాట అనగూడదు. అన్నాక తనకే తెలిసింది.

హైమవతి లంగరు వేసింది. తాడు కట్టింది. సంచీ సర్దుకుని, ఎదురొచ్చిన తెప్పలో ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఆ రాత్రి దాసయ్య ఇంట్లోనే పడుకుంది.

పొద్దున ఎనిమిదింటికి దాసయ్య తెప్ప వేసుకుని తానే గోరింక దగ్గరికి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఎవరి చెయ్యీ అందుకోకుండా పడవలోకి ఎక్కాడు.

"ఏటి బాబూ, మొకం అలాగుంది?"

"హైమ చెప్పిన వేళకు లంగరు వదలదు గురువుగారూ. అయిదు రోజులుగా ఇదే వరస. నిన్న మీరే చూశారుగా. మీ మాటంటే ఆమెకు గురి. మీరు ఒక్కసారి చెప్పండి."

"సెప్తాను. ముందు లంగరు ఎత్తు. అలా ఓ సుట్టు తిరిగొచ్చి ఏద్దాం. నేను సుక్కాని పడతాను. నువ్వు ముందుకెల్లు. నేను సెప్పగానే ఒగ్గేయ్."

కమలాకర్‌కు ఉత్సాహం వచ్చింది. పని ఎలా చేయాలో గురువుకు చేసి చూపించవచ్చు. పడవ అంత దూరం వెళ్ళి తిరిగి వచ్చింది. దాసయ్య ముక్కును గాలికి ఎదురు పెట్టాడు. వైశాఖ మాసపు దక్షిణపు గాలి మొహం మీద కొడుతోంది. కమలాకర్ లంగరు పట్టుకుని మాట కోసం ఎదురుచూశాడు.

మాట రాలేదు. పడవ నిలిచింది. కాసేపటికి మెల్లగా రాళ్ళ వైపు వెనక్కి జారసాగింది. ఇంకా మాట రాలేదు.

వెనక్కి తిరిగి చూశాడు. దాసయ్య నోరు ఇంత తెరిచి ఏదో అంటున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కనుబొమలు ముడిపడ్డాయి. గాలి హోరు తప్ప కమలాకర్ చెవిలో ఒక్క ముక్క పడలేదు. తిడుతున్నాడని మాత్రం అర్థమైంది. చెవులు వేడెక్కాయి. వేళ్ళు తడబడి తాడు చిక్కుపడింది. ఏం తప్పు చేశానో తెలియదు, అయినా తప్పు చేసినట్టే ఉంది. చివరికి తెగించి లంగరు వదిలేశాడు. రాళ్ళు రెండు బారల దూరంలో ఉండగా పడవ ఆగింది.

ఉక్రోషంతో వెనక్కి వచ్చాడు. "నేనేం చేశానని అంతలా తిట్టారు గురువుగారూ?"

"తిట్టడవా?" అన్నాడు దాసయ్య. "మోకు సక్కగా సుట్టి ఎట్టుకున్నావు, బాగుందని మెచ్చుకున్నాను."

"వదలమని ఎప్పుడు చెప్పారు?"

"మూడు సార్లు సెప్పాను."

కమలాకర్ ముందుకూ వెనక్కూ చూశాడు.

"నువ్వు మాత్రం 'ముసలాయనకి మతిపోయినట్టుంది' అన్నావు" అన్నాడు దాసయ్య నెమ్మదిగా.

కమలాకర్ మొహం కందగడ్డ అయింది. "అది నాలో నేను అనుకున్న మాట గురువుగారూ. గట్టిగా కూడా అనలేదు."

"గాలి అట్నుంచి ఇటు గదా, ఇక్కడికి సుబ్బరంగా ఇనపడింది."

ఆ తర్వాత దాసయ్య చుట్ట వెలిగించుకుంటూ కూర్చున్నాడు.

కమలాకర్ పడవ ముక్కు వైపు చూశాడు. అయిదు సాయంత్రాలు హైమవతి నిలబడిన చోటు అది. అక్కడ ఆమె అన్న మాటలన్నీ ఒకటొకటిగా గుర్తుకు రాసాగాయి. లోతు తక్కువగా ఉందేమో అంది. వలతాళ్ళు ఉన్నాయి, కాస్త కుడికి అంది. మూడో సాయంత్రం, అరచేతులు మండిపోతున్నాయని తనలో తాను అనుకుంది. నిన్న, రాయి, రాయి అని రెండుసార్లు అంది. ఒక్కటీ పొల్లుపోకుండా తన చెవిన పడ్డాయి. అవి చెవిన పడుతుండగానే తాను అరుస్తూ ఉన్నాడు.

అప్పుడు అడిగాడు. "గురువుగారూ, నలభై ఏళ్ళు సరంగు చేశారు కదా. లంగరు వేసేటప్పుడు మీరేమని అరిచేవారు?"

"నోరు మూసుకు కూకునీవోణ్ణి బాబూ."

ఒడ్డుకు వచ్చేసరికి పదికి అయిదు నిమిషాలుంది. హైమవతి లేచి నిలబడి ఉంది. దాసయ్య తెప్పను ఇసుకలోకి లాగే పని పెట్టుకుని అటు తిరిగాడు.

"చేతులు చూపించు" అన్నాడు కమలాకర్.

"బస్సు వచ్చే వేళయింది."

"ఒక్కసారి చూపించు హైమా."

చూపించింది. రెండు అరచేతుల్లోనూ తాడు ఒరుసుకున్న బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి.

"మూడో రోజు మండుతున్నాయన్నావు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "మీతో అనలేదే. నాలో నేను అనుకున్నాను."

"నాకు వినపడింది. అన్నీ వినపడ్డాయి. రాయి కూడా."

"విని కూడా అరిచారా?"

"అరిచాను."

ఇంకో ముక్క కలపలేదు. కలిపి ఉంటే ఆమె బస్సు ఎక్కేసేదే. మలుపు దగ్గర హారన్ మోగింది. హైమవతి అటు చూసింది, చేతుల వంక చూసుకుంది.

"నాకు మీరనేది ఒక్క ముక్క తెలిసేది కాదు" అంది. "మీ నోరు మాత్రం కనపడేది. అయిదు రోజులు ఆ నోరే చూశాను."

కమలాకర్ తల వంచుకున్నాడు. బస్సు వచ్చింది, ఊళ్ళోవాళ్ళు ఇద్దరు ఎక్కారు, వెళ్ళిపోయింది.

"రెండింటికి ఇంకోటుంది" అంది హైమవతి, పొంగిపోనక్కరలేదన్నట్టు. "ఈలోగా ఒక్కసారి వేసి చూద్దాం."

దాసయ్య భార్య పరుగున వచ్చి ఆమె చేతులకు కొబ్బరినూనె రాసి పాతగుడ్డ చుట్టింది. ఆలుమగలిద్దరూ తెప్ప ఎక్కారు. సంగతి తెలిసిన ఆడవాళ్ళు చేపల గంపలు దించి, ఒడ్డున వరసగా కూర్చున్నారు. తేరగా వచ్చిన వినోదం ఎవరు వదులుకుంటారు?

గోరింక అంత దూరం వెళ్ళి తిరిగి వచ్చింది. ముక్కు గాలికి ఎదురైంది. తెరచాప దిగింది. కమలాకర్‌కు అలవాటు కొద్దీ ఒక కేక గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగడం ఎంత కష్టమైందో అతనికే తెలుసు.

"కొంచెం కుడికి" అంది హైమవతి, వంటింట్లోంచి మాట్లాడినట్టు మామూలుగా. అతను కుడికి తిప్పాడు.

"ఇంకొంచెం. చాలు. రాయి దాటేశాం. వదులుతున్నాను."

లంగరు దిగింది. తాడు బిగిసింది. పడవ ఒకసారి ఊగి నిలబడిపోయింది. నిన్నటి రాయి పది బారల అవతల, ఎవరినీ పట్టించుకోకుండా నురగ కక్కుతోంది.

ఒడ్డున ఒకావిడ నిరాశగా లేచి గంప ఎత్తుకుంది. "ఇయ్యాల అరుపుల్లేవేటి తాతా?" అంది. దాసయ్య చుట్ట పీల్చుకుంటూ పడవ వైపు చూశాడు.

హైమవతి వెనక్కి తిరగలేదు. వంగి తాడు చుడుతూ, తనలో తాను ఏదో అనుకుంది. ఆ మాట గాలి మీద తేలి వెనక ఉన్నవాడి దగ్గరికి వచ్చింది.

"ఈ ఎండలో తుని దాకా ఎవరు వెళ్తారు."

కమలాకర్‌కు గుండెల మీంచి బండ దించినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుక్కాని పట్టుకుని, వింటూ కూర్చున్నాడు.