కొమాద్రెల గుడి: బాలమ్మకు ఇద్దరు తల్లులు

టెక్సాస్ రాష్ట్రపు దక్షిణ తీరంలో పుయెర్తో సెరెనో అనే రేవు పట్టణం ఉన్నది. ఆ పట్టణానికి పడమటి అంచున, బంతితోటల నడుమ, శ్రీ బాలాత్రిపురసుందరీ అమ్మవారు కొలువై ఉన్నారు. ఆలయ ద్వారం మీద అమ్మవారి పేరు తెలుగులోను, స్పానిష్‌లోను చెక్కించారు. అయితే ఊళ్ళో ఆ పేరు చెప్పి దారి అడిగితే ఎవరికీ తెలియదు. బస్సు నడిపేవారు మొదలు తెలుగు ఇళ్ళలో పుట్టిన పిల్లల వరకు అందరికీ ఇది ‘కొమాద్రెల గుడి’.

కొత్తగా వచ్చిన యాత్రికులకు ఇక్కడ చాలా సంగతులు వింతగా తోస్తాయి. అమ్మవారు పట్టుచీరలో కాక, చిన్నపిల్లలు తొడుక్కునే కుచ్చుల గౌనులో దర్శనమిస్తారు. పులిహోరతో పాటు, మొక్కజొన్న పిండిని ఆ పొత్తుల ఆకుల్లోనే చుట్టి ఆవిరిపై ఉడికించిన తమాలెలు ప్రసాదంగా పెడతారు. పదిహేనేళ్ళు నిండిన మెక్సికో ఆడపిల్లలు తలపై కిరీటంతో వచ్చి అమ్మవారికి మొక్కుతారు. వారిని చూసి తెలుగువారు ఓణీల వేడుకలో తమ పిల్లలకూ కిరీటం పెట్టసాగారు. ఈ మధ్య మెక్సికో పిల్లలు కొందరు లంగా ఓణీలు కుట్టించుకుంటున్నారు. ఇది ఎవరి ఆచారం, ఎవరి గుడి అని అడిగే యాత్రికుల కోసమే ఈ కథను వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పూర్వమంటే యుగాల కిందటి మాట కాదు. ఆనాడు కళ్ళారా చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. రేవులో పనిచేసే ఇంజనీర్లు, ఆసుపత్రి డాక్టర్లు, నర్సులు కలిపి ఊరి మొత్తం మీద పద్నాలుగు తెలుగు కుటుంబాలు ఉండేవి. వారు కమిటీగా ఏర్పడి, ఆళ్ళగడ్డలో అడుగు ఎత్తున నల్లరాతి బాలమ్మ విగ్రహాన్ని చెక్కించి ఓడలో తెప్పించారు. విగ్రహం వచ్చింది గాని గుడి ఎక్కడ కట్టాలో తేలలేదు. కొందరు ఊరి ఉత్తరాన అన్నారు, కొందరు రేవు దగ్గర అన్నారు. వాదులాటలోనే ఐదు నెలలు గడిచాయి. అన్నాళ్ళూ బాలమ్మ ఎండుగడ్డి కుక్కిన చెక్కపెట్టెలో, రేవు గిడ్డంగిలో ఉండిపోయింది.

ఆ ఏడు ఆగస్టు చివర పెద్ద తుపాను వచ్చింది. సముద్రం ఊళ్ళోకి చొచ్చుకువచ్చి గిడ్డంగి గోడను పడగొట్టింది. నీళ్ళు తీశాక చూస్తే పెట్టె లేదు. కమిటీ అధ్యక్షులు బొల్లేపల్లి రఘూత్తమరావు గారు పదిరోజులు బురదలో వెతికించి, ఇక దొరకదని ఆశ వదులుకున్నారు.

ఆ గిడ్డంగికి నాలుగు మైళ్ళ దూరంలో ఒఫేలియా రెందోన్ అనే మెక్సికో స్త్రీకి బంతితోట ఉండేది. ఆమె భర్త పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడు రమీరోతో కలిసి పూలు పండించి అమ్ముకునేది. మెక్సికో వారు నవంబరు నెలలో, చనిపోయిన పెద్దల్ని తలచుకునే రోజుల్లో, ఇంటినిండా బంతిపూలు పరుస్తారు. ఆ పంట మీదే ఆ ఇంటికి ఏడాది గడవాలి. వరద తీసిన ఉదయం ఎన్ని మొక్కలు మిగిలాయో చూసుకుందామని వెళ్ళిన ఒఫేలియాకు పడిపోయిన సాళ్ళ మధ్య పగిలిన పెట్టె, అందులో బురద కొట్టుకుపోయిన చిన్నపిల్ల ముఖం కనిపించాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నడుముకు కట్టుకున్న గుడ్డతో ఆ కళ్ళు తుడిచింది.

“ఎవరి బిడ్డవే తల్లీ నువ్వు?” అని తన భాషలో అడిగింది.

రాతి విగ్రహం అంత దూరం నీటిలో ఎలా వచ్చిందో నేటికీ తెలియదు. చెక్క, గడ్డి కలిసి తేల్చి ఉంటాయని ఇంజనీర్లు అన్నారు. రావాలనిపించి వచ్చిందని ఒఫేలియా అన్నది. ఆమె బాలమ్మను ఇంటికి తెచ్చి స్నానం చేయించి, మెక్సికో వారు కొలిచే మేరీమాత, గ్వాదలూపె మాత పటం పక్కన కూర్చోబెట్టింది. ఇరుగుపొరుగువారు పూలు తెచ్చారు. ‘నల్లపిల్ల’ దగ్గర మొక్కుకుంటే జ్వరాలు తగ్గుతున్నాయన్న మాట పేటంతా పాకింది.

కమిటీలో కానూరి లలితాంబ గారనే నర్సు ఉండేవారు. స్వస్థలం తెనాలి. ఆసుపత్రిలో రోగుల మాటలు వినీ వినీ ఆమెకు స్పానిష్ బాగా వచ్చింది. ఒకరోజు ఒక ముసలమ్మ మంచం మీద పడుకుని నల్లపిల్ల మహిమ చెబుతుంటే లలితాంబ గారి చేతులు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే తోటకు వెళ్ళి, గుమ్మంలో నిలబడి చూసి, ఏడ్చారు. మరునాడు సంతోషంతో రఘూత్తమరావు గారిని వెంటబెట్టుకు వెళ్ళారు. ఒఫేలియా మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఆమె తానుగా నా దగ్గరకు వచ్చింది. నేను పంపను.”

“మా దేవత ఆమె. మీరివ్వకపోతే పోలీసుల్ని పిలవవలసి వస్తుంది. ఆదివారం వస్తాను,” అన్నారు రఘూత్తమరావు గారు.

ఆ మాటతో ఒఫేలియా ముఖం తెల్లబోయింది. లోపల ఎవరో పెరటి తలుపు మూసిన చప్పుడు వినిపించింది. రావు గారు కారెక్కాక లలితాంబ గారు వెనక్కి వచ్చి సంగతేమిటని అడిగారు. తమ్ముడు రమీరోకు ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేవనీ, పోలీసులు గడప తొక్కితే అతన్ని సరిహద్దు దాటించేస్తారనీ ఒఫేలియా చెప్పింది.

నాలుగు రోజుల తరువాత, తెల్లవారుజామున లలితాంబ గారికి ఒక కల వచ్చింది. రెండు జడల పిల్ల బంతిసాళ్ళ మధ్య కూర్చుని ఉన్నది. “ఇంటికి రామ్మా,” అని ఆమె పిలిస్తే, “అమ్మ పూలు కోస్తోంది. కోయడం అయ్యాక వస్తాను. నువ్వూ రా,” అన్నది. అమ్మ అన్నది ఎవరినో అడిగేలోపు మెలకువ వచ్చింది.

ఆమె నేరుగా రఘూత్తమరావు గారి ఇంటికి వెళ్ళారు.

“రావు గారూ, పోలీసులు వచ్చి ముందు విగ్రహం ఎవరిదని అడగరు. ఇంట్లో ఎవరెవరున్నారు, కాగితాలేవి అని అడుగుతారు. ఒఫేలియా తమ్ముడికి కాగితాలు లేవు. ఆ పిల్లాడి బతుకు పోతుంది.”

“దానికి మనమేం చేస్తాం లలితాంబ గారూ? పద్నాలుగు ఇళ్ళవాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి.”

“అయితే ఆదివారం నేను ఆ గుమ్మంలోనే ఉంటాను. ముందు నన్ను దాటండి.”

ఆదివారం ఉదయం రావు గారు నలుగురిని తీసుకుని వెళ్ళారు. పోలీసుల్ని పిలవలేదు గాని, పిలవనని మాట కూడా ఇవ్వలేదు. పేట ఆడవాళ్ళు ముప్ఫై మంది వాకిట్లో నిలబడి ఉన్నారు. గుమ్మంలో లలితాంబ గారు ఉన్నారు. ఎవరూ ఊహించని విధంగా ఒఫేలియాయే ఆమెను పక్కకు జరిపి, బాలమ్మను చేతుల మీద మోసుకుని బయటకు వచ్చింది.

“తీసుకువెళ్ళండి. నా తమ్ముడి జోలికి మాత్రం రాకండి,” అంటూ విగ్రహాన్ని రావు గారి చేతుల్లో పెట్టింది.

లలితాంబ గారు ఆ మాటను తెలుగులో చెప్పారు. రావు గారు బాలమ్మ వైపు చూశారు. ఒంటి మీద పసుపు రంగు గౌను, చెవులకు దారంతో కట్టిన చిన్న పోగులు. గౌను భుజాల దగ్గర, నడుము దగ్గర అతికినట్లు సరిపోయింది.

“కొలత ఎలా తెలిసింది ఈమెకు?” అని అడిగారు.

“రోజూ స్నానం చేయించేదాన్ని కదా, చేతులకు తెలుస్తుంది,” అన్నది ఒఫేలియా.

పెట్టె వచ్చిన నాటినుంచి తమలో ఒక్కరూ దాని మూత తీసి ఒక పువ్వు పెట్టలేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తుకు వచ్చింది. వెంట వచ్చిన నలుగురూ తలలు వంచుకున్నారు. రావు గారు చెప్పులు విడిచి, రెండడుగులు ముందుకు వేసి, బాలమ్మను తిరిగి ఒఫేలియా చేతుల్లో ఉంచారు.

“అమ్మా, ఉత్తరమా, రేవా అని కొట్టుకున్నాం. బిడ్డ తన చోటు తానే చూసుకున్నది. నేనన్న మాట మరిచిపోండి,” అన్నారు. “మేము కూడా వచ్చి చూసుకోవచ్చునా?” అని అడిగారు.

ఒఫేలియా లలితాంబ గారి చెయ్యి పట్టుకుని, “రా కొమాద్రె,” అన్నది. ఒకే బిడ్డకు కన్నతల్లి, చర్చిలో జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకునే జ్ఞానతల్లి ఒకరినొకరు పిలుచుకునే స్పానిష్ పిలుపు అది. బిడ్డను పంచుకున్న ఇద్దరు తల్లులు అని అర్థం. అక్క అని కాదు, వదిన అని కాదు. తెలుగులో సరిపోయే మాట దొరకక తెలుగువారు ఆ మాటనే ఉంచేశారు. గుడికీ అదే పేరైంది.

పెట్టె దొరికిన సాళ్ళున్న నేలను ఒఫేలియా గుడికి ఇచ్చింది. ఆ ఏటి శరన్నవరాత్రులలో అక్కడే పందిరి వేసి ప్రతిష్ఠ జరిపారు. తుపానుకు మిగిలిన బంతిపూలన్నీ ఆ తొమ్మిది రోజులకే కోశారు. బంతి అచ్చంగా మన పువ్వని నమ్మిన లలితాంబ గారికి, అది మెక్సికో నేల నుంచి ఓడలెక్కి మన దేశానికి వలస వెళ్ళిన పువ్వని ఒఫేలియా చెబితే నమ్మబుద్ధి కాలేదట. గుడి ప్రాకారాన్ని రమీరో కట్టాడు. తూర్పు గోడ పూర్తికాకముందే రహదారిపై తనిఖీలో పట్టుబడి, సరిహద్దు దాటించబడ్డాడు. రఘూత్తమరావు గారు వకీళ్ళ చుట్టూ తిరిగి, కాగితాలు పెట్టి, ఆరేళ్ళకు అతన్ని రప్పించగలిగారు. అంతవరకు ఆ గోడను ఎవరూ ముట్టుకోలేదు. అతడే వచ్చి పూర్తి చేశాడు.

నేటికీ ప్రతి శరన్నవరాత్రులకు అమ్మవారి గౌనును ఇద్దరు స్త్రీలు కలిసి కుడతారు. ఇద్దరి మాతృభాష ఒకటి కారాదన్నది నియమం. ఎడమ సగం ఒకరు, కుడి సగం ఒకరు కుట్టి, నడుమ కుట్టు ఇద్దరూ కలిసి వేస్తారు. నాటినుంచి బతికినంతకాలం వారు ఒకరికొకరు కొమాద్రెలు. ప్రసవానికి, పెళ్ళికి, కష్టానికి ఒకరింట ఒకరు నిలబడాలి. ఈ ఊరికి ఒంటరిగా వచ్చిన ఏ స్త్రీ అయినా, ఏ మతం వారైనా, ఆలయ కార్యాలయంలో పేరు ఇవ్వవచ్చును. బాలమ్మకు సూది పట్టిన చేతికి ఈ పట్టణంలో అయినవారు లేని లోటు ఉండదని భక్తుల విశ్వాసం.

కిందటి ఏడు హోండురస్ నుంచి వచ్చిన ఒకామె, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకమ్మాయి కలిసి కుట్టారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు. గౌనుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది. విప్పి మళ్ళీ కుడతామని ఇద్దరూ సైగలతో బతిమాలారు. అర్చకులు వద్దని, దాన్నే తొమ్మిది రోజులూ అమ్మవారికి తొడిగారు.