కుదురుకోని కంప్యూటరు

ఒక రాజుగారికి కొత్త మోజు పుట్టి ధాన్యపు కొట్టు గుమ్మంలో కంప్యూటరు పెట్టించాడు. అమ్మినవాడు దివాను బావమరిది. అది పేరు చూపిస్తేనే జనానికి గింజలు కొలవాలని ఆజ్ఞ. అదేమో రెండు పేర్లు చూపి ఆగిపోయేది.

"కొత్తది కదమ్మా, నడవగా నడవగా కుదురుకుంటుంది. కొత్త కోడలికైనా టైమివ్వాలి," అనేవాడు దివాను తాంబూలం నములుతూ.

"కొత్త కోడలు వచ్చిన పూటే వండుతుందయ్యా," అంది చేపలమ్మే నూకాలు. ఆమె ఇంట్లో ముసలి అత్త గంజి చుక్క లేక మంచం పట్టింది.

ఒకనాడు రాజు కొట్టు చూడడానికొచ్చాడు. నూకాలు అడ్డం నిలబడింది.

"బాబూ, నడిస్తే కుదురుకుంటుందని దివానుగారే అంటున్నారు. మా గుప్పెడు గింజలకి అదేం నడుస్తుంది? కోట వంటశాలకిచ్చే బియ్యం కూడా దీని మీదే ఇప్పించండి. తొందరగా అలవాటుపడుతుంది."

రాజుకి సబబుగా తోచింది. కాదంటే తన మాటే అబద్ధమవుతుందని దివానూ తలూపాడు.

ఆ పూట కోటలో పొయ్యి వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. అప్పుడు గానీ రాజు కంప్యూటరు విప్పించి చూడలేదు. ఎక్కడివో కాలిపోయిన భాగాలకి కొత్త డబ్బా తొడిగి అంటగట్టాడు బావమరిది. యుగాలు నడిపినా అది కుదురుకునేది కాదు.

సాయంత్రానికల్లా మంచి కంప్యూటరు వచ్చింది, మొదటి క్షణం నుంచే చక్కగా నడిచింది. నూకాలు పేరు చూసి గుమాస్తా, "ఇంట్లో ఇద్దరు కదా?" అన్నాడు.

"ఒక్కదాన్నే బాబూ," అంది నూకాలు సంచి పట్టి. "మా అత్త పొద్దున పోయింది. ఆకలికి అలవాటుపడేదాకా ఉండలేకపోయింది."