చాప మీద అరగంట

నెహెమ్యాకి ప్రార్థన రావడం మానేసి నాలుగు నెలలయింది.

ప్రార్థన రానివాళ్లు లోకంలో చాలామందే ఉంటారు, వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటారు. కానీ నెహెమ్యా పాస్టరు. కొల్లేటి గట్టున ఉన్న చిన్న చర్చిలో, పెద్ద పాస్టరు సత్యానందం అయ్యగారి దగ్గర ఏడేళ్లుగా సేవ నేర్చుకుంటున్నవాడు. ఊళ్లో ఎవరి పిల్లలకి ఒళ్లు వెచ్చబడినా ముందు అతనికే కబురు వెళ్లేది. "ఏం కాదమ్మా, దేవుడు వింటాడు" అని పిల్లల తలమీద చెయ్యి పెట్టి చెప్పేవాడు.

నాలుగు నెలల కిందట అతని కూతురు షారోనుకే జ్వరమొచ్చింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ తొమ్మిది రోజులూ సంఘమంతా ఉపవాసముంది. పదో రోజు ఐదేళ్ల పిల్లని పెట్టెలో ఇంటికి తెచ్చారు.

ఓదార్చడానికి వచ్చినవాళ్లు చెప్పిన మాటలన్నీ ఒకప్పుడు అతను వాళ్లకి చెప్పినవే. పాపం, అవి తిరిగి వినడం కంటే కష్టం ఇంకేముంటుంది? ఆ తర్వాత కూడా ఆదివారాలు బైబిలు చదివేవాడు, పాటలు పాడేవాడు. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లు మూసుకుని ఊరుకునేవాడు. పెద్దాయన గమనించారు గానీ ఏమీ అడగలేదు.

ఈలోగా ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమదినాలు వచ్చాయి. ఆ రోజుల్లో అక్కడ గొలుసు ప్రార్థన పెడతారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మనిషికో గంట. రొట్టె, ద్రాక్షారసం పెట్టే సంస్కారపు బల్ల ముందు చాప మీద మోకరించాలి. తర్వాతి మనిషి వచ్చి భుజం తట్టేదాకా లేవకూడదు, గొలుసు తెగకూడదు. సంఘపెద్ద నిరుటి పేర్లే మళ్లీ రాసి గోడకి అంటించేశాడు. రెండింటి నుంచి మూడింటి దాకా నెహెమ్యా. ఈసారికి ఆ పేరు తీసేస్తే బాగుంటుందని ఇద్దరు ముగ్గురికి తోచింది. తీరా కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మొదటి రోజు రెండయినా నెహెమ్యా కదల్లేదు. ఎవరో ఒకరు సర్దుకుంటార్లే అనుకున్నాడు. రెండున్నరకి చర్చికి బయల్దేరాడు, ప్రార్థనకి మాత్రం కాదు. ఏలూరులో బావమరిదికి సెల్‌ఫోన్ల షాపు ఉంది. రేపటి నుంచి అందులో కూర్చుంటానని పెద్దాయనకి చెప్పెయ్యడానికి.

లోపల చాప మీద సత్యానందం అయ్యగారే ఉన్నారు. ఆయన గంట ఒంటిగంట నుంచి రెండు దాకా. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఒక మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. చేతులు బల్లకి ఆనించుకుని, చొక్కా వీపంతా తడిసిపోయి, గంటన్నరగా అలాగే ఉన్నారు.

నెహెమ్యాకి సిగ్గేసింది. భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తడితే ఆ చోట తను మోకరించాలి.

"అయ్యగారూ, నేను ప్రార్థనకి రాలేదండీ. సేవ మానేస్తానని చెప్పడానికొచ్చాను."

"చెబుదువుగానిలే. ముందు నన్ను లేపు నాయనా, కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి."

లేపాడు. ఆయన గోడ పట్టుకుని నిలబడి, చాప వైపు చూపించారు.

"మూడింటికి సువార్తమ్మ వస్తుంది. ఈ అరగంట నువ్వుండు."

"నాకు ప్రార్థన రావడం లేదండీ. ఆయన ఉన్నాడో లేడో కూడా తెలియడం లేదు. అక్కడ మోకరించి అబద్ధాలు చెప్పలేను."

"అబద్ధాలు ఎవడు చెప్పమన్నాడ్రా? కడుపులో ఉన్నదే చెప్పు."

"ఉన్నది చెబితే మీరు వినలేరు."

"అయితే నేను బయట ఉంటాను" అని ఆయన కుంటుకుంటూ వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, వసారాలో అరుగు మీద కూర్చున్నారు.

లోపల నెహెమ్యా చాప మీద మోకరించాడు. తర్వాత గొణుగుడు మొదలైంది. కాసేపటికి గొంతు పెరిగింది.

"తొమ్మిది రోజులు అడిగాను నిన్ను! ఒక్కరోజైనా విన్నావా? ఊళ్లో వాళ్ల పిల్లల కోసం అడిగితే ఇచ్చావు. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఏమొచ్చింది నీకు? బడికని దానికి కొత్త బూట్లు కొన్నాను. ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. వాటినేం చేసుకోమంటావు? మాట్లాడవేం?"

సరిగ్గా మూడింటికి సువార్తమ్మ తువ్వాల్లో చుట్టుకున్న బైబిలుతో వచ్చింది. లోపలి కేకలు విని మెట్ల మీదే ఆగిపోయింది.

"అయ్యో! చిన్నయ్యగారు దేవుణ్ణి పట్టుకుని అట్టా అంటున్నారేంటండీ? నా గంట కూడా అయింది. వెళ్లి లేపెయ్యనా?"

సత్యానందం అయ్యగారు కండువాతో కళ్లు తుడుచుకుని, ఆమెకి చోటిస్తూ పక్కకి జరిగారు.

"కాసేపు ఇలా కూర్చోమ్మా. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు."